మీకు తెలుసా? ఒంట్లో చక్కెర, కంట్లో తీగలు!

రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కంటి వెనకున్న రెటీనా మీద కొత్త రక్తనాళాలు మొలకెత్తవచ్చు. కొత్తవి వస్తే మంచిదే కదా అంటారా? అక్కడే ఉంది అసలు వింత! దొరికిన ముచ్చటల్లా ఏరి దాచుకున్నాను.

★ పరగడుపున మీ రక్తం మొత్తంలో ఎంత చక్కెర ఉంటుందో చెప్పుకోండి చూద్దాం! ఒక్క టీస్పూను! పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లెక్కన మొత్తం కలిపి 5 గ్రాములే.

★ పరగడుపు పరీక్షలో 126కు చేరితే షుగర్ వ్యాధి అంటారు కదా. అంటే అదనంగా ఉన్నది గ్రామున్నర కూడా లేదు! టీస్పూనులో మూడో వంతైనా నిండని ఆ కాస్త ఎక్కువే, ఏళ్లకేళ్లు దిగకుండా నిలిచిపోతే చూపును తినేయగలదు.

★ ఆ 126 అనే అంకె ఎక్కడిది? కళ్లలోంచి వచ్చింది! 1997 వరకూ గీత 140 దగ్గర ఉండేది. రెటీనా దెబ్బతినడం ఏ అంకె దగ్గర ఎక్కువవుతోందో వేలమంది కళ్లలో పరీక్షించి చూసి, అమెరికా నిపుణులు దాన్ని 126కు దించారు. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతం గీత గీసినప్పుడూ సాక్ష్యం రెటీనాదే.

★ రెటీనా మందం సుమారు పావు మిల్లీమీటరు. అంత పల్చటి పొరలో వెలుగును పట్టే 12 కోట్ల దాకా రాడ్ కణాలు, 60 లక్షల దాకా కోన్ కణాలు! మీ ఒక్క కంట్లో ఉన్న రాడ్ కణాల సంఖ్య ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జనాభా రెండూ కలిపినా ఎక్కువే.

★ గ్రాముకు గ్రాము తూచి చూస్తే ఆక్సిజన్ వాడకంలో రెటీనా మెదడునే మించిపోతుంది! అందుకే రక్తం సరఫరా కాస్త తగ్గినా దానికి వెంటనే కటకట.

★ రాత్రి దీపం ఆర్పి పడుకుంటే కళ్లకు విశ్రాంతి అనుకుంటున్నారా? రాడ్ కణాలకు చీకట్లోనే పని ఎక్కువ, ఆక్సిజన్ ఖర్చూ ఎక్కువ! వెలుతురు లేనప్పుడు వాటిలోకి సోడియం అయాన్లు ఆగకుండా వచ్చిపడుతుంటాయి, వాటిని బయటికి తోడిపోయడానికి బోలెడు శక్తి కావాలి. అయితే రాత్రంతా కళ్ల మీద సన్నటి వెలుగు పడేలా చేస్తే రెటీనాకు ఆక్సిజన్ మిగులుతుందా? బ్రిటన్‌లో నిజంగానే షుగర్ ఉన్నవాళ్లకు వెలుగునిచ్చే మాస్కులు తొడిగి రెండేళ్లు చూశారు. 2018లో ఫలితం వచ్చింది, లాభం కనబడలేదు.

★ చక్కెరను వాడుకునే తీరులో రెటీనాకు కేన్సర్ కణితితో పోలిక ఉంది! ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా సరే, రెండూ చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయని జర్మనీ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు.

★ కండలోకి చక్కెర చేరాలంటే ఇన్సులిన్ సాయం కావాలి. రెటీనా నాళాల గోడ కణాలకు అదేమీ అక్కర్లేదు! గ్లట్-1 అనే ప్రొటీను గుండా చక్కెర నేరుగా లోపలికి వచ్చేస్తుంది, రక్తంలో పెరిగిన కొద్దీ కణంలోనూ పెరుగుతుంది.

★ అలా లోపల ఎక్కువైన చక్కెరలో కొంత సార్బిటాల్‌గా మారిపోతుంది. అవును, షుగర్‌లెస్ చూయింగ్ గమ్ పొట్లం మీద రాసి ఉండే సార్బిటాలే! కణం లోపలే తయారైన ఈ సరుకు తేలిగ్గా బయటికి పోలేక అక్కడే పేరుకుంటుంది.

★ కేశనాళికల గోడల్ని బయటి నుంచి పట్టుకుని ఉండే కణాలు పెరిసైట్లు. ఒళ్లంతా వెతికినా రెటీనాలో ఉన్నంత దట్టంగా ఇంకెక్కడా దొరకవు! కండల్లో గోడ కణాలు వందుంటే పెరిసైట్ ఒక్కటి. రెటీనాలో దాదాపు ఒకటికి ఒకటి. షుగర్ దెబ్బకు మొట్టమొదట రాలిపోయే వాటిలో ఇవీ ఉన్నాయి.

★ ఆ సంగతి ఎలా బయటపడిందో తెలుసా? రెటీనాను అరిగించి! మాంసాన్ని అరిగించే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌లో, చనిపోయినవారి కళ్ల నుంచి తీసిన రెటీనాను నానబెడితే మిగతాదంతా కరిగిపోయి నాళాల వల మాత్రం చెక్కు చెదరకుండా మిగిలింది. 1960 ప్రాంతంలో బోస్టన్‌లో కువబారా, కోగన్ అనే ఇద్దరు ఈ చిట్కా కనిపెట్టి, షుగర్ ఉన్నవారి వలలో పెరిసైట్లు మాయమైన చోటుల్ని ఒక్కొక్కటిగా చూడగలిగారు.

★ పెరిసైట్ పోయిన చోట నాళం గోడ బుడగలా ఉబ్బుతుంది. కంటి డాక్టరు "ఎర్రచుక్కలు కనిపిస్తున్నాయి" అన్నారంటే చాలాసార్లు ఇవే! వీటిలో చాలావాటి వెడల్పు తలవెంట్రుక మందమంత కూడా ఉండదు.

★ ఇప్పుడు అసలు రహస్యం! చక్కెర నేరుగా కొత్త నాళాలను మొలిపించదు; ముందు పాతవాటిని చంపుతుంది. సన్నటి నాళాలు ఒక్కొక్కటే మూసుకుపోయి, రక్తం అందని రెటీనా ఆకలితో కేకేస్తుంది. ఆ కేక విని పుట్టేవే కొత్త నాళాలు.

★ ఆ కేకకు ఒక రసాయన రూపం ఉంది: వీఈజీఎఫ్ అనే ప్రొటీను. ఎలుకల్లో దీని జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి పోయినా చాలు, పిల్ల పుట్టకముందే, పదకొండు పన్నెండో రోజుకే చనిపోతుంది! కడుపులోని పిండానికి ప్రాణం పోసే పదార్థమే పెద్దయ్యాక కంట్లో ఎక్కువైతే చూపు తీస్తుంది.

★ దీన్ని 1983లో బోస్టన్‌లో ఒక బృందం, 1989లో కాలిఫోర్నియాలో మరో బృందం వేర్వేరు పేర్లతో ప్రకటించాయి. రెండూ ఒకటేనని తర్వాత తేలింది! మొదటివాళ్లు నాళాలను కారేలా చేసే గుణం చూశారు, రెండోవాళ్లు నాళాలను పెంచే గుణం చూశారు.

★ నాళాల గోడల్ని కారేలా చేయడంలో వీఈజీఎఫ్ బలం ఎంత? దద్దుర్లొచ్చినప్పుడు చర్మాన్ని ఉబ్బించే హిస్టమిన్ కన్నా సుమారు 50,000 రెట్లు! రెటీనా నడిబొడ్డున నీరు చేరి అక్షరాలు అలుక్కుపోవడానికి ఇదే ముఖ్య కారణం.

★ వీఈజీఎఫ్‌ను తయారుచెయ్యమని ఆజ్ఞ ఇచ్చేది హిఫ్-1 అనే మరో ప్రొటీను. ఆక్సిజన్ సరిపడా ఉన్న కణంలో దాని ఆయుష్షు నిమిషాల్లోనే! పుట్టగానే కణమే దాన్ని ముక్కలు చేసేస్తుంది; ఆక్సిజన్ తగ్గిన రోజున మాత్రం బతికి పని మొదలుపెడుతుంది. ఈ ఏర్పాటును విప్పి చూపిన సెమెంజా, రాట్‌క్లిఫ్, కెలిన్‌లకు 2019లో నోబెల్ వచ్చింది.

★ ఊహకూ రుజువుకూ మధ్య ఎన్నేళ్లు? 46! ఆకలిగొన్న రెటీనా ఏదో పదార్థాన్ని వదులుతోందని ఐజాక్ మైకేల్సన్ 1948లో ఊహించారు. తర్వాతివారు దాన్ని "ఫ్యాక్టర్ ఎక్స్" అని పిలుచుకుంటూ వెతికారు. 1994లో బోస్టన్‌లో లాయిడ్ పాల్ ఐయెల్లో బృందం, కొత్త నాళాలు చురుగ్గా పెరుగుతున్న కళ్లలోని ద్రవంలో వీఈజీఎఫ్ ఎక్కువగా ఉందని కొలిచి చూపింది. ఇంకో ముచ్చట! ఆయన తండ్రి కూడా అదే జబ్బుకు లేజర్ చికిత్స తెచ్చిన తొలితరం డాక్టర్లలో ఒకరు.

★ ఈ పజిల్ మీకే! షుగర్ ఉన్నవారి కాలిపుండు ఎందుకు త్వరగా మానదు? అక్కడ కొత్త రక్తనాళాలు చాలినన్ని పుట్టవు. అదే మనిషికి కంట్లో మాత్రం వద్దన్నా పుట్టుకొస్తాయి! గుండెలో ఒక నాళం మూసుకుపోయినప్పుడు పక్కదారి నాళాలు పెరగడం కూడా షుగర్ ఉన్నవారిలో తక్కువే. ఒకే రక్తం, ఒకే చక్కెర. కావలసిన చోట కరువు, అక్కర్లేని చోట వరద. నా పోగులో అన్నిటికన్నా విచిత్రం ఇదేనని నాకనిపిస్తుంది. దీన్ని పూర్తిగా విప్పినవారు ఒకే దెబ్బకు కాలినీ కంటినీ కాపాడినవారవుతారు.

★ కొత్త నాళాలు రెటీనా లోపల ఉండాల్సింది పోయి బయటికి వచ్చేస్తాయి! పందిరి దొరికిన బీరపాదులా, కంటిగుడ్డును నింపి ఉన్న విట్రియస్ అనే జిగురు వెనక వైపును పట్టుకుని పాకుతాయి. ఎక్కడ రక్తం కావాలో అక్కడికి మాత్రం చేరవు.

★ ఆ జిగురు మొత్తం 4 మిల్లీలీటర్లే, అందులో 98 శాతానికి పైగా నీళ్లే! కానీ వయసుతో అది ముడుచుకునేటప్పుడు అంటుకున్న నాళాలను లాగుతుంది. పెరిసైట్ల పట్టు సరిగా లేని నాసిరకం నాళాలు పుటుక్కున తెగుతాయి. కళ్లముందు ఉన్నట్టుండి నల్లటి దారాలు, మసితెరలు తేలితే అది రక్తం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి!

★ వీఈజీఎఫ్ కేక వెనకే ఆగదు, కంటి ముందుభాగం దాకా పాకుతుంది! అప్పుడు నల్లగుడ్డులోని ఐరిస్ మీద కూడా కొత్త నాళాలు మొలిచి, కంటినీరు బయటికి పోయే దారి మూసేసి, తీవ్రమైన గ్లకోమా తెస్తాయి.

★ ఇంత జరుగుతున్నా రెటీనాకు నొప్పి తెలియదు! నొప్పిని మోసే నరాలు అందులో లేవు. చదువుకోవడం, టీవీ చూడడం అన్నీ మామూలుగా సాగుతుండగానే అంచుల్లో నాళాలు పెరిగిపోతుంటాయి. షుగర్ ఉన్న మీ అమ్మగారో, బాబాయో "నాకు బాగానే కనిపిస్తోందిగా" అంటే ఈ మాట గుర్తు చేసి, ఏడాదికోసారి చుక్కల మందు వేయించి పరీక్ష చేయించండి.

★ మనిషి రక్తనాళాలను కోయకుండా, గుచ్చకుండా నేరుగా చూడగలిగే చోటు రెటీనా! 1851లో జర్మనీలో హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్‌ను లోకానికి చూపేదాకా కనుపాప వెనక అంతా చీకటే. ఆ తర్వాత పదేళ్లు తిరక్కుండానే వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ షుగర్ రోగి కంట్లో తేడాలు చూసి బొమ్మ గీశారు.

★ మీ రెటీనా నాళాలను మీరే చూసుకోవచ్చు, డాక్టరు అక్కర్లేదు! అట్టముక్కకు సూదితో చిల్లు పొడిచి, కంటికి దగ్గరగా పెట్టుకుని, సూర్యుడు లేని వైపు ఆకాశాన్ని చూస్తూ అట్టను వేగంగా అటూ ఇటూ ఆడించండి. చెట్టుకొమ్మల్లాంటి నీడలు కనిపిస్తాయి. అవి మీ నాళాలవే! నీడ ఎప్పుడూ ఒకే చోట పడుతుండడం వల్ల మామూలుగా మెదడు దాన్ని పట్టించుకోదు.

★ ఆ నీడల నడుమ ఒక ఖాళీ చోటు ఉంటుంది, వెడల్పు అర మిల్లీమీటరు. అక్కడ ఒక్క నాళం కూడా లేదు! సూదిలో దారం ఎక్కించేటప్పుడు వాడే చూపు అదే కనుక వెలుగుకు అడ్డం లేకుండా ఉంటుంది. షుగర్ ముదిరితే ఈ ఖాళీ ఇంకా వెడల్పవుతుంది.

★ ఇన్సులిన్ వచ్చాకే కంటిజబ్బు పెరిగింది! 1921కి ముందు టైప్-1 షుగర్ పిల్లలు ఎక్కువ కాలం బతికేవారే కారు. ఇన్సులిన్ ప్రాణం నిలిపి దశాబ్దాల ఆయుష్షు ఇచ్చాక, అన్నేళ్లకు గానీ బయటపడని నాళాల జబ్బు లోకానికి పెద్దఎత్తున తెలిసింది.

★ కంటి జబ్బుకు మెదడు కింద ఆపరేషనా! డెన్మార్క్‌లో ఒకామెకు కాన్పులో రక్తస్రావమై పీయూష గ్రంథి చచ్చుబడిపోయింది. ఆశ్చర్యం, ఆమె రెటీనా జబ్బు తగ్గిపోయిందని 1953లో ప్రకటించారు! ఆ సంగతి విని తర్వాతి ఏళ్లలో డాక్టర్లు చూపు కాపాడడం కోసం చాలామందికి పీయూష గ్రంథిని తీసేశారు లేదా పాడుచేశారు. లేజర్ వచ్చాక ఆ భయంకరమైన వైద్యం ఆగింది.

★ లేజర్ చికిత్సకు తాత ఎవరు? సూర్యుడు! 1945 జులైలో వచ్చిన గ్రహణాన్ని నేరుగా చూసిన ఒక విద్యార్థికి రెటీనా కాలి మచ్చపడింది. జర్మనీ డాక్టరు గెర్హార్డ్ మేయర్-ష్వికెరాట్‌కు ఆ మచ్చ చూసి మెరుపులాంటి ఆలోచన వచ్చింది: కాల్చడం మన చేతిలో ఉంటే అదే వైద్యం కదా! హాంబర్గ్‌లో ఆసుపత్రి పైకప్పు మీద అద్దాలు అమర్చి, ఎండనే రోగి కంట్లోకి పంపి రెటీనాను అతికించారు. మబ్బు పట్టిన రోజున వైద్యం లేదు. తర్వాత జీనాన్ దీపం, ఆ తర్వాతే లేజర్.

★ కంటిని కాపాడడానికి రెటీనా మీద 1,200 నుంచి 1,600 చోట్ల కాలుస్తారు! అంచుల్లోని ఆక్సిజన్ తాగే కణాలను కొన్నింటిని బలిచ్చి ఆకలి తగ్గిస్తే, కేక ఆగి కొత్త నాళాలు వాడిపోతాయి. తీవ్రంగా చూపు పోవడం దీంతో సగానికి పైగా తగ్గిందని అమెరికాలో పెద్ద పరీక్ష 1976లో తేల్చింది.

★ బొమ్మా బొరుసూ వేసి వైద్యచరిత్ర మార్చారు! అమెరికాలోని ఇండియానాలో నొవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ఫ్లోరెసిన్ అనే మెరిసే రంగును సిరలోకి ఎక్కించి రెటీనా ఫొటో తీద్దామనుకున్నారు. ఎవరి చేతికి ఎక్కించాలి? పందెంలో ఓడిన ఆల్విస్ చెయ్యి చాచారు! వారి వ్యాసాన్ని కంటి వైద్య పత్రిక తిప్పి పంపితే 1961లో గుండె వైద్య పత్రిక అచ్చేసింది.

★ చేతిలో ఎక్కించిన ఆ రంగు రెటీనా చేరడానికి 10 నుంచి 15 సెకన్లు చాలు! కొత్త నాళాలు ఎక్కడున్నాయో రంగు కారి పట్టిచ్చేస్తుంది. 1962లో షికాగో వాళ్లు పండగ కోసం ఇదే రంగు సుమారు 45 కిలోలు నదిలో పోస్తే వారం పాటు నది పచ్చగా పారింది.

★ కోడిగుడ్డు తెల్లసొన మీద సాధన చేసి కంటి ఆపరేషన్ కనిపెట్టారు! రాబర్ట్ మాకెమెర్ తన గ్యారేజీలో, తెల్లసొనను పీల్చగలిగితే విట్రియస్‌నూ పీల్చవచ్చని పరికరం పరీక్షించారు. 1970లో మయామీలో ఆయన తొలి రోగి షుగర్ వ్యక్తే. ఐదేళ్లుగా కంట్లో నిలిచిన రక్తాన్ని తీసేస్తే మళ్లీ కనిపించింది!

★ ఇప్పుడు వీఈజీఎఫ్ నోరు మూయించే ఇంజెక్షన్ మోతాదు ఎంత? 0.05 మిల్లీలీటర్లు, అంటే ఒక్క చుక్కంత! వీటిలో ఒకటైన బెవాసిజుమాబ్‌ను 2004లో పేగు కేన్సర్‌కు ఆమోదించారు. 4 మిల్లీలీటర్ల ఒక్క సీసాలో లెక్కకు 80 కళ్లకు సరిపడే మందుంది. అలా పంచి వాడడం వల్లే ఈ వైద్యం ఎందరో పేదలకు అందింది. రానిబిజుమాబ్ అనే మందుకైతే ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్ (దానిలాంటిదే అయిన మరో మందు) 2015లో మన దేశంలో వచ్చింది!

★ చక్కెర అదుపులో ఉంటే ఎంత లాభం? 76 శాతం! 1993లో ముగిసిన అమెరికా, కెనడా పరీక్షలో 1,441 మంది టైప్-1 రోగులు పాల్గొన్నారు. అప్పటిదాకా కంటిజబ్బు లేనివారిలో గట్టిగా అదుపు చేసుకున్నవారికి అది రావడం అంతగా తగ్గింది. ఇంకో వింత, పరీక్ష ముగిశాక రెండు గుంపుల చక్కెరా ఒకే తీరుకు వచ్చినా, పాత మేలు ఏళ్లపాటు నిలిచే ఉంది. నాళాలకు జ్ఞాపకశక్తి ఉంది!

★ చాలాకాలం ఎక్కువగా ఉన్న చక్కెరను ఒక్కసారిగా దించితే కంటిజబ్బు కొన్నాళ్లు ముదరవచ్చు! అందుకని భయపడి మందు మానకూడదు గానీ, చికిత్స గట్టిగా మొదలుపెట్టే ముందు రెటీనా ఒకసారి చూపించుకోవాలి.

★ నెలలు నిండకుండా పుట్టిన పసికందుకు చక్కెరతో పనిలేకుండానే ఇలాంటి జబ్బే రాగలదు! మొదట ఆక్సిజన్ ఎక్కువై నాళాల ఎదుగుదల ఆగిపోతుంది, తర్వాత రెటీనాకు ఆకలేసి అదే వీఈజీఎఫ్ కేక.

★ మన దేశంలో షుగర్ ఉన్నవారు 10.1 కోట్లని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్క. 50 ఏళ్లు దాటిన షుగర్ రోగుల్లో 16.9 శాతం మందికి రెటీనా జబ్బు ఉందని 2015-19 జాతీయ సర్వే చెప్పింది. ఆరుగురిలో ఒకరు!

★ రెటీనా ఫొటో చూసి అది ఆడవారిదో మగవారిదో చెప్పగలరా? కంటి డాక్టర్లే చెప్పలేరు! 2018లో గూగుల్ కంప్యూటర్ ప్రోగ్రాం మాత్రం దాదాపు తడబడకుండా చెప్పేసింది. అంతకు రెండేళ్ల ముందు షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బును పసిగట్టడం ఇలాంటిదే మరో ప్రోగ్రాం 1,28,175 ఫొటోలు చూసి నేర్చుకుంది. వాటిలో కొన్ని మన దేశపు కంటి ఆసుపత్రులవి.

★ చివరి ప్రశ్న! రక్తంలో చక్కెర 700 దాటినా హాయిగా ఎగిరే ప్రాణి ఏది? అమెరికా ఖండాల హమ్మింగ్‌బర్డ్! మకరందం తాగాక దాని అంకె అంత పైకి పోతుంది. పైగా పక్షుల రెటీనాలో రక్తనాళాలే లేవు! విట్రియస్‌లోకి చొచ్చుకువచ్చిన పెక్టెన్ అనే మడతల పొర నుంచి రెటీనాకు ఆహారం, ఆక్సిజన్ ఊరుతూ అందుతాయి.